తడిక ఎత్తి వచ్చినవాడు ఎవరు? : మాలపల్లి నుంచి చుండూరు దాకా

తెలుగులో ఇంటి గురించి సామెతలకు కొదవలేదు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు. "ఇంటికన్నా గుడి పదిలం" అన్నారు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నారు. వాడలో నిలబడి వింటే ఈ మూడూ వేరేగా వినపడతాయి. స్థలమే మనది కానప్పుడు కట్టి చూసేదేముంది? పదిలంగా ఉంటదన్న గుడిలోకి మనల్ని రానిచ్చిందెప్పుడు? ఇక దొంగ సంగతి. ఇంట్లో జొరబడినవాడు ఎవరో తెలియకపోతే గదా పట్టుకోలేకపోవడం! వాడ మీదికి వచ్చినవాళ్ళు ఎవరో మనకు పేరుపేరునా తెలుసు. అంతకు ముందు రోజు వాళ్ళ చేలోనే పత్తి తీసి వచ్చి ఉంటాం.

ఇంటి మీదికి వచ్చిన శత్రువును ఎదిరించడం అనేది కథల్లోనూ, సినిమాల్లోనూ పాతబడిన ఘట్టమే అయినా ఎప్పుడూ పాతబడని ఘట్టం. దానికో లెక్క ఉంది. ఒక ఇల్లుంటది. దానికి ప్రహరీ, గేటు, గడియ ఉంటాయి. రాత్రిపూట ముక్కూ మొహం తెలియనివాడు గోడ దూకి వస్తాడు. ఇంటాయన తిరగబడతాడు. పాఠకుడు ఇంటాయన పక్షం. చివరికి పోలీసులొస్తారు, వాళ్ళదీ ఇంటాయన పక్షమే. ఈ లెక్కలో నాలుగు విషయాలు ఎవరూ చెప్పకుండానే అందరం ఒప్పేసుకుంటాం. ఒకటి, ఇల్లు ఇంటివాడిదే. రెండు, వచ్చినవాడు పరాయివాడు. మూడు, పిలిస్తే రాజ్యం వస్తది, మన పక్కన నిలబడతది. నాలుగు, తిరగబడ్డవాడు వీరుడు అవుతాడు తప్ప ముద్దాయి కాడు. దళితవాడకు వచ్చేసరికి ఈ నాలుగింట్లో ఒక్కటీ నిలబడదు. మరి మన సాహిత్యం ఈ సంగతి గుర్తించిందా, గుర్తించి ఏం చేసింది అన్నది ఈ వ్యాసంలో మేము చర్చించదలచుకున్నాం. కారంచేడు, చుండూరు అనుభవాల్ని పక్కన పెట్టుకునే ఆ చర్చ చేస్తాం. అవి పక్కన లేకుండా చేసే సాహిత్య విమర్శ మాకు అక్కర్లేదు.

కల్లానికి కాపలా, గుడిసెకు తడిక

మాది సత్తెనపల్లి ప్రాంతం. ఇది పత్తి, మిరప పండే నేల. మిరప కోతలయ్యాక కాయను కల్లంలో ఆరబోస్తారు. ఎండిన కాయ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు పంపేదాకా రాత్రింబగళ్ళు కాపలా ఉండాల. కల్లం కాపలా అంటే చిన్న పని కాదు. పురుగు మందుల అప్పు, కౌలు, పెళ్ళిళ్ళు, చదువులు, రైతు ఏడాది మొత్తం ఆ కల్లంలోనే ఉంటది. ఆ కాపలాకు పడుకునేవాడు చాలా ఊళ్ళల్లో మాల పాలేరు, లేకపోతే మాదిగ జీతగాడు. కోత మనది, ఆరబోత మనది, తాలు కాయలు ఏరేది మన ఆడవాళ్ళు, కాపలా మనది. ఊరి ఆస్తిని దొంగలబారి నుంచి కాపాడే పనిని ఊరు మన చేతుల్లో పెట్టింది. తలారి పని, వెట్టి పని అంతా అదే గదా. అట్టా ఊరికి కాపలా కాసినవాడి ఇంటికి మాత్రం తలుపు లేదు. పత్తికట్టె దడి, తాటాకు కప్పు, వాకిట్లో ఒక తడిక. తడిక కుక్కను ఆపుద్ది, మేకను ఆపుద్ది. మనిషిని ఆపదు. అది ఆపడానికి పెట్టింది కాదు, చాటుకు పెట్టింది.

మా చిన్నతనంలో ఒక రాత్రి ఆ తడిక ఎత్తి నలుగురు లోపలికొచ్చారు. కల్లంలో రెండు బస్తాలు తగ్గాయంట. ఒకాయన చేతిలో టార్చిలైటు, వెనక లాఠీ పట్టుకున్నాయన. ఎవరినీ అడగలేదు, ఏ కాగితమూ చూపించలేదు. గాదె లేని ఇంట్లో గాదె వెతికారు. మా నాయనమ్మ లేచి కూర్చుని, "ఎవరయ్యా అది? ఆడోళ్ళం పండుకోనున్నాం," అన్నది. జవాబు రాలేదు. వచ్చినవాళ్ళు తెలిసినవాళ్ళే. ఆమె అడిగింది వాళ్ళ పేర్లు కాదు. ఇది ఇల్లు, ఇందులో మనుషులున్నారు, రావాలంటే అడిగి రావాల అన్నది ఆమె మాటకు అర్థం. బస్తాలు వేరే చోట దొరికాయని వారం తర్వాత తెలిసింది. తడిక ఎత్తినందుకు ఎవరూ ఏమీ అనలేదు, అనాలని వాళ్ళకు తోచనే లేదు. ఈ అనుభవం మా ఒక్క ఇంటిదే అయితే ఇక్కడ రాయం. వాడలో పుట్టి పెరిగిన ఎవరిని అడిగినా ఇట్లాంటిది ఒకటి చెబుతారు.

ఇంకొంచెం వెనక్కి పోతే ఇదే నేల మీద పల్నాటి వీరుల కథ ఉంది. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి మన పాఠ్యపుస్తకాలు గొప్పగా చెప్పినయ్యి. ఆయన పక్కన కత్తి పట్టి నిలబడ్డ మాల కన్నమదాసు గురించీ చెప్పినయ్యి. కన్నమదాసు వీరత్వం మీద మాకు అనుమానం లేదు, అతన్ని మేం వదులుకోం. అయితే అతను కాపాడింది ఎవరి ఇంటిని? ఎవరి రాజ్యాన్ని? అతని ఇంటి కథ మనకు ఎవరు చెప్పారు? ఊరు మెచ్చిన దళిత వీరుడు ఎప్పుడూ పరాయి వాకిలి ముందే నిలబడి ఉంటాడు. ఊరికి అతని కత్తి కావాల, అతని ఇల్లు అక్కర్లేదు.

మాలపల్లిలో గృహస్థు ఎక్కడ?

ఇంటి సంగతి మాట్లాడాలంటే మా ప్రాంతం వాళ్ళం మాలపల్లి నుంచి మొదలు పెట్టక తప్పదు. ఉన్నవ లక్ష్మీనారాయణ పుట్టిన వేములూరుపాడు నాటి సత్తెనపల్లి తాలూకాలోదే. ఆయన రాయవెల్లూరు జైల్లో ఉండగా ఆ నవల రాశారు. 1922లో అది అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నవలకు మాలపల్లి అని పేరు పెట్టడమే ఆ రోజుల్లో పెద్ద సాహసం. అంతదాకా తెలుగు నవలలో వాడ అంటే ఊరి చివర కనపడే పొగ మాత్రమే. ఉన్నవ మనల్ని వాడలోకి తీసుకుపోయి ఒక మాల కుటుంబంతో కూర్చోబెట్టారు. ఈ రుణాన్ని మేం కాదనడం లేదు.

కానీ రుణం వేరు, విమర్శ వేరు. రామదాసు కుటుంబం ఏమైందో చూడండి. సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. భూమి చేజారిపోద్ది. గూడు చెదిరిపోద్ది. వెంకటదాసు ఇల్లు వదిలి తక్కెళ్ళ జగ్గడై ఉన్నవాళ్ళను కొల్లగొట్టి లేనివాళ్ళకు పంచుతాడు. మిగిలినవాళ్ళు నేరస్థుల సెటిల్మెంటు పాలవుతారు. ఒక కుటుంబాన్ని ఊరూ, చట్టమూ కలిసి ఎట్లా నేలమట్టం చేస్తయ్యో ఇంత వివరంగా చెప్పిన నవల అంతకు ముందు మనకు లేదు.

మా ప్రశ్న ఇది. ఇంత విధ్వంసంలో "ఇది మా ఇల్లు, మీరు బయటికి పోండి" అని వాకిట్లో నిలబడి అన్నవాళ్ళు ఎవరు? రామదాసు వేదాంతి. పోయినదాన్ని పోనిచ్చే ఓర్పు ఆయన గుణం, నవల దాన్ని గొప్ప గుణంగానే చూపించింది. సంగదాసు సంఘం మనిషి, అమరుడు. అతని చావు నవలకు కేంద్రం. వెంకటదాసు తిరుగుబాటుదారు. అయితే తిరగబడాలంటే అతను ఇల్లు విడవాల్సి వచ్చింది, సొంత పేరు విడవాల్సి వచ్చింది, అడవి పట్టాల్సి వచ్చింది. ఇంకో మాట కూడా గమనించాల. తన వాకిలి కాపాడుకోలేనివాడు పరాయి వాకిలి దాటినవాడయ్యాడు. అంటే నవల వెంకటదాసును చివరికి చొరబాటుదారుగానే నిలబెట్టింది. ఎంత ధర్మం కోసమైనా సరే, చట్టం కళ్ళకు అతను దొంగే, నవలా అతన్ని కాపాడలేకపోయింది.

సంస్కర్త ఊహకు ఉన్న హద్దు ఇక్కడే ఉందని మా అభిప్రాయం. మాలవాణ్ణి ఉన్నవ సాధువుగా ఊహించగలిగారు, అమరుడుగా ఊహించగలిగారు, ధర్మం తెలిసిన దోపిడీదారుగా ఊహించగలిగారు. గృహస్థుగా మాత్రం ఊహించలేకపోయారు. బ్రాహ్మణీయ ధర్మంలో గృహస్థు అంటే ఇంటికి యజమాని, అతిథిని రమ్మనేవాడు, అక్కర్లేనివాణ్ణి పొమ్మనేవాడు. రమ్మనడానికీ, పొమ్మనడానికీ అధికారం ఉంటేనే అది ఇల్లు. లేకపోతే తలదాచుకునే చోటు. ఆ అధికారాన్ని వాడకు ఇవ్వడం 1922లో ఉన్నవ లాంటి గొప్ప మనిషికి కూడా సాధ్యం కాలేదు. దీన్ని ఆయన తప్పుగా కాదు, ఆయన నిలబడి చూసిన చోటుకు గుర్తుగా మేం చెబుతా ఉన్నాం. వాడను ప్రేమగా చూసినా ఆయన చూసింది బయటి నుంచే.

బయటి నుంచి కాకుండా లోపలి నుంచి చూసినవాడు జాషువా. 1941 నాటి గబ్బిలంలో ఇంటికి వచ్చింది గబ్బిలం. గబ్బిలం ఇంట్లోకి వస్తే అరిష్టమని ఊరు నమ్ముద్ది, తోలేస్తుంది. జాషువా కథానాయకుడు తోలలేదు. రమ్మని తన గోడు చెప్పుకుని, కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపాడు. తనకు ప్రవేశం లేని గుడిలోకి ఆ పిట్ట పోగలదు గదా! ఊరికి అరిష్టమైనదాన్ని అతిథిగా చేసుకోవడంలో ఇంటి యజమాని కనపడతాడు. ఆ గుడిసె ఎంత చిన్నదైనా రానిచ్చేదీ, రానివ్వనిదీ తేల్చేది అతనే. రామదాసుకు లేని గృహస్థ ధర్మం ఈ పేదవాడికి ఉంది. వినుకొండలో పుట్టి ఊరి చేత అవమానాలు పడ్డ కవికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

పుట్టుదొంగలు

మాలపల్లిలోని సెటిల్మెంటు ఉన్నవ కల్పించింది కాదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అట్లాంటి సెటిల్మెంటుగానే పుట్టింది. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చారు. ఆ చట్టం 1871లో మొదలై, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చి, 1952లో గాని పోలేదు. దాని సారం ఒక్కటే: కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే ఇళ్ళకు కన్నాలేసేవాళ్ళు. కాబట్టి వాళ్ళ ఇళ్ళల్లోకి రాజ్యం ఎప్పుడైనా పోవచ్చు, పేరు పిలిచి హాజరు పట్టొచ్చు. పరాయి ఇంటికి కన్నం వేస్తాడన్న అనుమానంతో ముందు వాడి ఇంటికే చట్టం కన్నం వేసింది.

చట్టం పోయింది గానీ ఆ చూపు పోలేదు. దాన్ని సినిమా బతికించింది. 1991లో "స్టూవర్టుపురం పోలీస్‌స్టేషన్" వచ్చింది. 2023లో "టైగర్ నాగేశ్వరరావు" వచ్చింది. దొంగను నాయకుడిగా చేసినా, దొంగను పట్టేవాణ్ణి నాయకుడిగా చేసినా, ఫలానా ఊరంటే దొంగల ఊరు అన్న ముద్ర ప్రేక్షకుడి మనసులో అట్టానే ఉంటది. 1991 అన్న సంవత్సరం ఒకసారి గుర్తు పెట్టుకోండి. తెర మీద అణగారిన కులాలవాడు ఇళ్ళ మీద పడే దొంగగా కనపడుతున్న ఆ ఏడాదే, స్టూవర్టుపురానికి ఎంతో దూరం లేని చుండూరులో ఎవరు ఎవరి ఇళ్ళ మీద పడ్డారో అందరికీ తెలుసు.

బిందె ఎత్తిన చెయ్యి

1985 జూలై 16న కారంచేడులో జరిగింది చూడండి. మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు దగ్గర కమ్మ కులం కుర్రవాళ్ళు గేదెలకు కుడితి పెట్టిన బకెట్లు కడుగుతుంటే, తాగే నీళ్ళు పాడవుతాయని ఒక కుర్రవాడు వద్దన్నాడు. వద్దన్నందుకు అతని మీదికి పోయారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అడ్డం పోయింది. ఆమె మీదికీ చెయ్యి లేచింది. ఆమె బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఊరు కట్టగట్టుకుని మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళను చెరిచారు. మిగిలినవాళ్ళు చీరాల పారిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు.

ఇది ఇంటిని కాపాడుకోవడమా అని ఒక మిత్రుడు మమ్మల్ని అడిగాడు. గొడవ జరిగింది చెరువు కాడ గదా, ఇంట్లో కాదు గదా అన్నాడు. వాడ మనిషికి ఇల్లు ఎక్కడ మొదలవుద్దో తెలియక అడిగిన ప్రశ్న అది. గోడలున్నవాడి ఇల్లు గడప దగ్గర మొదలవుద్ది. గోడల్లేనివాడి ఇల్లు తాగే నీళ్ళ దగ్గర మొదలవుద్ది. ఆ నీళ్ళే కుండలోకి వస్తాయి, పిల్లల కడుపులోకి పోతాయి. సువార్త చెరువు కాడ కాపాడింది తన ఇంటినే. ఆమె చేతిలో ఉన్నది ఆయుధం కాదు, వంటింటి బిందె. ఏ నవలలోనూ మేం వెతికి కనుక్కోలేకపోయిన ఆ గృహస్థు మాకు ఈ నిజంలో కనపడింది, అదీ ఒక ఆడమనిషి రూపంలో.

చుండూరు ఇంకో రకం. 1991 ఆగస్టు 6. అంతకు కొన్ని వారాల ముందు సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు అగ్రకులస్థుడికి తగలడంతో మొదలైన తగాదా సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆ రోజు వాడలోకి వచ్చింది పోలీసులు. మీ మీద దాడికి వస్తన్నారు, పారిపోండి అని చెప్పారని బాధితులు చెప్పారు, నిజనిర్ధారణకు పోయినవాళ్ళూ అదే రాశారు. మగవాళ్ళు ఇళ్ళు విడిచి పొలాల్లోకి పరుగెత్తారు. పొలాల్లో కాపు కాసి ఉన్నవాళ్ళు వాళ్ళను నరికారు. ఎనిమిది మందిని చంపి, శవాలను గోనె సంచుల్లో కట్టి కాలవల్లో పడేశారు.

మొదట చెప్పుకున్న లెక్కలో మూడో అంశం గుర్తుందా? పిలిస్తే రాజ్యం వస్తది అన్నది. చుండూరులో రాజ్యం పిలవకముందే వచ్చింది. వచ్చి, ఇంటిని కాపాడలేదు సరిగదా, ఇంట్లోవాళ్ళను బయటికి పంపింది.

చట్టం ఎవరి గోడ?

భారత శిక్షాస్మృతి 1860లో వచ్చింది. దాంట్లో 96 నుంచి 106 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే దాదాపుగా 34 నుంచి 44 దాకా ఉన్నాయి. ఇవి మన విద్యార్థులు తప్పకుండా చదవాల్సినవి. ఒంటినే కాదు, ఆస్తిని కూడా కాపాడుకునే హక్కు పౌరుడికి ఉంది. రాత్రిపూట ఇంటికి కన్నం వేస్తున్నా, మనుషులుండే కట్టడానికో, గుడారానికో నిప్పు పెడుతున్నా, ఎదిరించడంలో అవతలివాడి ప్రాణం పోయినా అది నేరం కాదని పాత చట్టం 103వ సెక్షన్‌లో ఉంది. గుడారం అన్న మాట గమనించండి. చట్టం అక్షరంలో గుడారమే ఇల్లయినప్పుడు తాటాకు గుడిసె కాకుండా పోదు. అయితే 99వ సెక్షన్ ఒక షరతు పెట్టింది: అధికారుల రక్షణ కోరడానికి సమయం ఉన్నప్పుడు ఈ హక్కు లేదు. అధికారులు రక్షిస్తారన్న నమ్మకం మీద కట్టిన గోడ అది. చుండూరులో ఆ గోడే మీద పడింది.

1968 డిసెంబరు 25న తమిళనాడు తంజావూరు ప్రాంతంలోని కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమన్న దళితుల మీద దాడి జరిగితే, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు ఒక గుడిసెలో దూరి తలుపేసుకున్నారు. గుడిసెకు నిప్పు పెట్టారు. 44 మంది కాలిపోయారు. భూస్వాములను హైకోర్టు వదిలేసింది. ఇంట్లో ఉంటే వెణ్మణి, ఇల్లు విడిస్తే చుండూరు, ఎదురు నిలిస్తే కారంచేడు. ఎదురు తిరిగి బతికి బట్టకట్టినవాడికి కౌంటర్ కేసు ఎట్లాగూ ఉంటది. పుస్తకంలో అందరికీ ఉన్న ఆత్మరక్షణ హక్కు ఊళ్ళో గోడలున్నవాడికే అక్కరకొస్తా ఉంది.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. 1925 సెప్టెంబరులో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఒసియన్ స్వీట్ అనే నల్లజాతి డాక్టరు తెల్లవాళ్ళ పేటలో తాను కొనుక్కున్న ఇంట్లో దిగాడు. గుంపు వచ్చి రాళ్ళు రువ్వింది. ఇంట్లో నుంచి కాల్పులు జరిగి ఒక తెల్లవాడు చనిపోయాడు. ఇంట్లో ఉన్న 11 మంది మీదా హత్య కేసు పెట్టారు. 1926లో డాక్టరు తమ్ముడు హెన్రీ స్వీట్‌ను అంతా తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ నిర్దోషి అన్నది. క్లారెన్స్ డారో అనే పెద్ద లాయరు వాదించాడు. ఇంగ్లీషువాళ్ళ న్యాయంలో ఎవడి ఇల్లు వాడికి కోట అని వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు గదా, ఆ కోట నల్లవాడికి కూడా ఉంటదా అన్నదే ఆ కేసులో తేలాల్సిన విషయం. స్వీట్‌కు ఇటుక గోడ ఉంది, దస్తావేజు ఉంది, డాక్టరు చదువు ఉంది. అయినా కోర్టుకెక్కి నిరూపించుకోవాల్సి వచ్చింది. పోరంబోకులో గుడిసె వేసుకున్నవాడి సంగతి చెప్పేదేముంది?

ఉండటమా, విడిచిపోవడమా?

కారంచేడు మాదిగలు తిరిగి ఊరికి పోలేదు. రమ్మన్నా పోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ శిబిరంలో నుంచే దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు దాన్ని నడిపించారు. ఊరు విడవడం ఓటమి అని కొందరు అప్పట్లో అన్నారు. మేం అట్లా అనుకోవడం లేదు. అణగారిన కులాలకు వేరే గ్రామాలు కావాలని 1942లో నాగపూరులో జరిగిన షెడ్యూల్డ్ కులాల మహాసభ తీర్మానించింది. దాని వెనక ఉన్నది అంబేద్కర్ ఆలోచన. ఊరు ఉన్నంతకాలం వాడ ఉంటది, వాడ ఉన్నంతకాలం దానికి తలుపుండదు అన్నది ఆయన చెప్పిన సారం. పొమ్మనే అధికారం లేని చోటును విడిచి, ఆ అధికారం ఉన్న చోటును కట్టుకోవడం కూడా ఇంటిని కాపాడుకోవడమే.

చుండూరు వాళ్ళు ఇంకో దారి పట్టారు. చనిపోయినవాళ్ళను ఊళ్ళోనే, దళితవాడ దగ్గరే పూడ్చుకున్నారు. ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. విచారణ కూడా మా ఊళ్ళోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరుకే తెచ్చుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులని విడుదల చేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు పోయారు. 1990 జనవరి 30న అమల్లోకి వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం, దళితుణ్ణి ఇల్లూ ఊరూ విడిచిపోయేలా చేయడమే నేరమన్నది. ఇంటికి నిప్పు పెడితే యావజ్జీవం అన్నది. ఆ చట్టం వచ్చిన ఏడాదిన్నరకే చుండూరు జరిగింది. అయినా మేం ఆ చట్టాన్ని తక్కువ చేయం. రమ్మని పిలవకుండా వాడలోకి వచ్చినవాడు తప్పు చేసినట్టే అని ఒక కాగితం మీదైనా రాయించుకోవడానికి ఎందరి ప్రాణాలు పోయినయ్యో మనకు తెలుసు.

ఈ రెండు దార్లలో ఏది సరైనదని మేం తీర్పు చెప్పబోవడం లేదు. చీరాలలో కట్టుకున్న కాలనీకి ఒక బలం ఉంది: అక్కడ భూస్వామి నీడ పడదు. చుండూరు సమాధులకు ఒక బలం ఉంది: ఊరు రోజూ వాటిని చూస్తా నడవాల. విడిచిపోతే ఊరిని వాళ్ళకే రాసిచ్చినట్టవుద్దన్న వాదనలో నిజముంది. ఉండి చావమని చెప్పే హక్కు బయటివాళ్ళకు లేదన్న మాటలోనూ నిజముంది. ఈ చర్చ వాడల్లో ఇంకా నడుస్తానే ఉంది. సాహిత్యం దీన్ని పట్టుకోవాల.

కొంత పట్టుకుంది కూడా. 2000లో వచ్చిన కల్యాణరావు అంటరాని వసంతం రూతు జ్ఞాపకాల్లో నడుస్తది. అక్కడ ఇల్లంటే నాలుగు గోడలు కాదు, తరతరాల వంశం. ఊరు గుడిసెను పీకేయగలదు గానీ రూతు జ్ఞాపకంలోకి జొరబడలేదు. మాలపల్లిలో బయటి నుంచి కనపడ్డ కుటుంబం ఇక్కడ లోపలి నుంచి మాట్లాడింది. ఆ రెండు నవలల మధ్య 78 ఏళ్ళ దూరం ఉంది, కారంచేడు ఉంది, చుండూరు ఉంది.

అయితే మన రచయితలకు కూడా ఒక మాట చెప్పాల. ఇంటిని కాపాడటం గురించి మనం రాసిన చాలా కవితల్లో నిలబడేది మగవాడే. ఆడది అతను కాపాడే ఆస్తిగానో, అతని పరువుగానో మిగిలిపోతా ఉంది. ఈ లెక్క ఊరి దగ్గర నుంచి మనం అరువు తెచ్చుకున్నదే. కారంచేడులో బిందె ఎత్తింది ఎవరో మరిచిపోతే ఎట్లా? పైగా తాగొచ్చి తడిక ఎత్తే మొగుడు కూడా కొన్ని రాత్రుళ్ళు ఆ ఇంటి మీదికి వచ్చిన మనిషే. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన నల్లపొద్దు దళిత స్త్రీల గొంతును పుస్తకంగా ముందుకు తెచ్చింది. ఆ గొంతును వినకుండా ఇంటి రక్షణ గురించి రాస్తే మనమూ సగం ఇల్లే కాపాడినవాళ్ళం అవుతాం.

చివరిగా

ఎదిరించడం అంటే కత్తులు నూరమని చెప్పడమే అని కొందరు భయపడుతున్నారు. మేం చెప్పేది అది కాదు. దాడి చేసినవాడిని దాడి చేసినవాడని పిలవడం, కాపాడుకున్నవాడిని ముద్దాయిగా కాకుండా ఇంటి యజమానిగా చూడటం మొదట మాటల్లో జరగాల. పత్రికలో "ఇరువర్గాల ఘర్షణ" అని రాస్తారు చూడండి, ఒకరి ఇంటి మీదికి ఇంకొకరు పోతే అది ఘర్షణ ఎట్లా అవుద్ది? ఆ ఒక్క మాటతో ఇల్లు మాయమై, అందరికీ చెందిన బజారు మిగులుద్ది. సాహిత్యం ఇదే పనిని ఇంకా నేర్పుగా చేయగలదు. దాన్ని పట్టుకోవడమే విమర్శకుడి పని.

అందుకని మన విద్యార్థులకు, టీచర్లకు మా మనవి ఒకటే. ఏ కథ చదివినా, ఏ సినిమా చూసినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ ఇల్లు ఎవరిది, ఎవరి స్థలంలో ఉంది? వచ్చినవాడు ఎవరు, ఎవరి అండతో వచ్చాడు? పోలీసు ఏ పక్క నిలబడ్డాడు? తిరగబడ్డ మనిషికి కథ చివర్లో ఏం దక్కింది, ఇల్లా, జైలా, అడవా? వాడ పిల్లలు ఈ ప్రశ్నలు అడగడం మొదలుపెడితే మన పాఠ్యపుస్తకాల్లో చాలా భాగం జవాబు చెప్పుకోలేదు.

అసలు ఈ ప్రశ్నలు మేం విశ్వవిద్యాలయంలో నేర్చుకున్నవి కాదు. తడిక ఎత్తి వచ్చినవాళ్ళను చూసి మా నాయనమ్మ లేచి కూర్చుని అడిగిన ప్రశ్నే ఇది. "ఎవరయ్యా అది?" ఆమెకు చదువు రాదు. జవాబు రాదని కూడా ఆమెకు తెలుసు. అయినా అడిగింది. ఆ రాత్రి ఆమె అట్లా అడిగినంతసేపూ మాది ఇల్లే.